నా బార పొట్టిది

ఇసకపల్లి పట్టపుపాలెంలో
తాడు కొలవాలంటే టేపు వెతుక్కోరు.
రెండు చేతులూ చాపితే ఒక బార.
ఈ వేలికొస నుంచి ఆ వేలికొస దాకా,
మధ్యలో రొమ్ము.

ఆర్ముగం చాపితే ఆరడుగులు, నిక్కంగా.
పెళ్లయిన కొత్తలో
గాలాల తాడంతా ఆయనే కొలిచి ఇచ్చేవాడు.
నాలుగు పడవలవాళ్లు ఆ లెక్క నమ్మి
రాత్రిళ్లు గాలం దించేవాళ్లు.

తర్వాత కాకినాడ అవతల
నీళ్లడుగున గ్యాసు గొట్టానికి అతుకెయ్యను
కాంట్రాక్టరు పిలిస్తే పోయినాడు.
బారకింతని కూలి.

ఆడ నేర్పిన పాఠం నాకూ చెప్పినాడు, గంజి తాగతా:
అయిదున్నర బారలు దిగితే
నెత్తిమీద ఇంకో ఆకాశం ఎక్కి కూచుంటది.
ఇంకో అయిదున్నరకి ఇంకొకటి.
ఇరవై రెండు బారల కింద
నాలుగు ఆకాశాలు, పైనున్న మనదొకటి.
బరువని తెలవదంట.
తెలిసేది చెవుల్లో, పుచ్చిన పంట్లో,
ఊపిరి చిక్కగా, పాకంలా లోపలికి పోతా ఉంటే.
కాస్త మత్తు కూడానంట.
ఒక చేప మొహం చూసి
నవ్వాపుకోలేకపోయినాడంట.

ఎక్కేటప్పుడు గోలీసోడా గుర్తు పెట్టుకోమన్నారు.
గోలీ మెల్లిగా నొక్కితే బుస్సుమని ఊరుకుంటది.
ఒక్క గుద్దు గుద్దితే
సీసా అంతా నురగ.

ఆ రోజు పైన మిషను ఆగిపోయింది.
గాలి రాలేదు.
ఆగి ఆగి ఎక్కాల్సిన దారి
ఒక్క గుక్కలో ఎక్కేసినాడు.

ఇనప గదిలో రెండు రోజులు పెట్టి
మళ్లీ నీళ్లలో ఉన్నట్టు వొత్తి, వొదిలి,
బాగుపడ్డాడని రైలెక్కించినారు.
బిట్రగుంటలో తన కాళ్లమీదే దిగినాడు.

నాలుగేళ్లకు భుజం పట్టేసింది.
పొగతోట డాక్టరు ఎక్స్‌రే కిటికీకి ఆనించి
బంతిలాగుండాల్సిన ఎముక చూపించినాడు.
ఒక పక్క నలిగిన ఇడ్లీ లాగుంది.
"ఇది చచ్చిపోయిందమ్మా."
మనిషి బతికుండగా ఎముక చచ్చిపోద్దా?
"బుడగలు. నెత్తురు పోయే సన్నదారికి అడ్డం పడ్డాయి."
మాత్రల చీటీ రాసిచ్చినాడు.

ఇప్పుడు నేను రేవులో చేపలు ఏరతా.
లోతు గాలానికి పడ్డ కలవ చేప
పైకొచ్చేసరికి కళ్లు ఉబ్బి,
పొట్ట నోట్లోంచి బయటికి తోసుకోని,
లోపల గాలితిత్తి పగిలి.
దానికెవరూ గోలీసోడా సంగతి చెప్పలా.
కూనలైతే మా తమ్ముడు పొన్నురంగం
సిరంజి సూదితో పక్కన పొడిచి
గాలి తీసి వొదిలేస్తాడు.
కొన్ని తోకాడించుకుంటా మునిగిపోతయ్.
ఆయనకి ఏడ పొడవాల్నో నాకు తెలవదు.

సొర మాత్రం ఎంత లోతునుంచొచ్చినా
వస్తానే కరవబోతది.
దానికి గాలితిత్తే లేదు, కార్జం నిండా నూనె.

ఒకసారి ట్రాలరు వలలో
రెండొందల బారల చీకట్లోంచి
ఒక మెత్తటి చేప వచ్చింది.
జావలాగా అరచేతిలో జారతా ఉంది.
పిలకాయలు చూసి అసయ్యించుకుంటే
ఆర్ముగం కోప్పడినాడు.
"కింద దాని వంటికి సరిపడా బరువుంటది.
ఆడ అది నిండుగా ఉంటది.
మన గాలే దాన్ని ఇట్ట చేసింది."
చాలాసేపు పట్టుకోనే కూచున్నాడు, ఎడమ చేత్తో.

నిన్న కొత్త తాడొచ్చింది.
నూరు బారల కాడ ముడెయ్యాల.
ఆయన కుడి చెయ్యి రొమ్ము దాటి లేవదు.
నేను లేచి చాపినా.
ఆయన ఇసకలో గీతలు గీస్తా లెక్కపెట్టినాడు.
తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.
నా బార అయిదడుగులే.
నూరు దాటినా గీతలు ఆపలేదు.
నూట ఇరవై కాడ ముడెయ్యమన్నాడు.
"నీకు సముద్రం ఇరవై బారలు ఎక్కువ" అన్నాడు.

చేతులు దించబోతే
ఉండు, తాడు మెలిపడిందని
దగ్గరకొచ్చి సర్దతా ఉన్నాడు.
మెలి నాకేం కనబడలా.
చేతులు చాపుకోనే నిలబడ్డా.